కోవిడ్ వార్డు డ్యూటీ అయి నాలుగేళ్ళు దాటింది, నాకింకా అవ్వలేదు. నాలా ఎవరైనా ఉన్నారా?

నైట్‌డ్యూటీ_సిస్టర్:
అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. నేను స్టాఫ్ నర్సుని, పదిహేనేళ్ళ సర్వీసు. ఆస్పత్రి పేరు, ఊరి పేరు రాయను, కోస్తా జిల్లా అనుకోండి. 2020 జూలై నుంచి 2021 జూన్ దాకా కోవిడ్ వార్డులోనే ఉన్నా, మధ్యలో నాకే పాజిటివ్ వచ్చి పడుకున్న పదిహేడు రోజులు తప్ప.

ఇప్పుడు అంతా మామూలే, మాస్కు కూడా ఎవరూ పెట్టుకోవట్లేదు, కానీ మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడకపోతే బీప్ బీప్ మంటుంది చూడండి, అది వినపడితే నా చేతులు చల్లబడిపోతాయి, ఒక్క క్షణం ఎక్కడున్నానో తెలీదు, ఏ బెడ్డుకి ఆక్సిజన్ సాచురేషన్ పడిపోయిందా అని కళ్ళు వెతుకుతాయి. మా ఆయన పాపం ఫ్రిజ్ మార్చేద్దాం అన్నారు.

అసలు రాయాలనుకున్నది వేరే. 2021 మే మొదటి వారం, 14వ బెడ్డులో ఒక మామ్మగారు. బైపాప్ మాస్కు (ఊపిరి ఆడటానికి గాలి ఒత్తిడితో పంపే మెషిన్ మాస్కు) మీద ఉన్నారు. మాస్కు కాస్త పక్కకి జరిపి నన్ను రెండుసార్లు అడిగారు, "సున్నుండలు తెమ్మన్నానమ్మా, తెచ్చారా" అని. ముద్ద మింగే స్థితి కూడా కాదు, అయినా వస్తాయి లెండి మామ్మా అన్నా. మధ్యాహ్నం రెండింటికి పోయారు. నాలుగున్నరకి గేటు దగ్గర ఇచ్చిన సామాన్లు పైకొచ్చాయి, అందులో ఒక స్టీలు డబ్బా, మూత మీద ల్యూకోప్లాస్టు అంటించి 14 అని రాసుంది. అప్పటికే ప్యాకింగ్ అయిపోయి వెనక గేటు నుంచి పంపేశాం.

ఆ డబ్బా పట్టుకుని పీపీఈ కిట్‌లో అలా నిలబడిపోయా. ఎంతసేపో కాదు, అటు 9వ బెడ్డు అలారం కొడుతోంది. వార్డులోకి వచ్చిన తిండి మళ్ళీ బయటికి పోకూడదు కాబట్టి సున్నుండలు ఆస్పత్రి చెత్త వేసే పసుపు కవర్లో వేసేశా. నా చేత్తో నేనే. నెయ్యి వాసన మాస్కులోంచి కూడా తెలిసింది. డబ్బా హైపోలో (క్రిములు చంపే బ్లీచింగ్ నీళ్ళు) ముంచితే మీద మచ్చలు పడ్డాయి, అవి ఇంకా పోలేదు. కింద ఒక పేరు చెక్కి ఉంది, మన ఇళ్ళల్లో గిన్నెల మీద చెక్కిస్తాం కదా అలాగ. తర్వాత ఇద్దాంలే అనుకున్నా, ఆ తర్వాత అనేది రాలేదు. ఇప్పటికీ మా అటక మీదే ఉంది.

నాకు భయం వేసే విషయం ఇంకోటి. పోయినేడు మా మామగారు పోతే నాకు ఏడుపు రాలేదు. శవాన్ని చూసి ముందు చేతులు కట్టాలి, దవడ కట్టాలి అని ఆలోచించా. వార్డులో స్టూడెంట్లు సిస్టర్ చాలా స్ట్రిక్టు అంటారు, స్ట్రిక్టు కాదు, నాలో ఏమీ కదలట్లేదు అంతే. దీన్ని బర్నవుట్ అంటారా ఇంకేమన్నానా తెలీక అడుగుతున్నా.

పైలట్_సీను:
సిస్టర్ మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను అంబులెన్స్ పైలట్‌ని (తెలియని వాళ్ళకి, మా బళ్ళలో డ్రైవర్‌ని పైలట్ అనే అంటారు). మా దగ్గర 12 గంటల షిఫ్టు. 2020 జూలై 1న బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర వెయ్యికి పైగా కొత్త 108, 104 బళ్ళు వరసగా నిలబెట్టి జెండా ఊపారు గుర్తుందా, చూడ్డానికి పండగలా ఉంది నిజంగానే. బళ్ళు కొత్తవి, మనుషులం మాత్రం మనుషులమే కదా.

సెకండ్ వేవ్‌లో ఏమయ్యేదంటే పేషెంటుని ఎక్కించుకుని వెళ్తాం, ఆస్పత్రి గేటు దగ్గర బెడ్డు లేదంటారు, లైన్‌లో బండి. లోపల ఆక్సిజన్ నడుస్తోంది. చిన్న సిలిండర్, బి టైపు అంటాం, అందులో పట్టేది దగ్గర దగ్గర 1500 లీటర్లు, నిమిషానికి పది లీటర్లు పెడితే రెండున్నర గంటలు, అంతే. ఆ గేజు ముల్లు మీదే కళ్ళు. వెనక నుంచి ఇఎంటి (పేషెంటుని చూసుకునే టెక్నీషియన్) అన్నా ఎంతసేపు అంటాడు, పేషెంటు కొడుకు అన్నా ఎంతసేపు అంటాడు, నాకేం తెలుసు. ఒకసారి మూడో ఆస్పత్రి గేటు దగ్గర ముల్లు ఎరుపులోకి వచ్చేసింది. అంతకన్నా రాయను.

ఇప్పుడు కూడా బండిలో పెట్రోలు ముల్లు సగానికి వస్తే ఆపి కొట్టించేస్తా. నా సొంత బైకులో కూడా. ఇంట్లో నవ్వుతారు. నవ్వనీ.

ఓరుగల్లు_బిడ్డ:
అక్కా నేను మా అమ్మ గురించి చెప్త. మా అమ్మ ఆశా కార్యకర్త. 2021 మే ల ఫీవర్ సర్వే అని ఇల్లిల్లు తిరిగిన్రు గదా, పొద్దుగాల ఆరింటికి పోతే ఎండ నెత్తిన పడ్డంక వచ్చేది. జ్వరం ఉన్నోళ్ళకు మందుల కిట్టు ఇయ్యాలె, పేరు రాస్కోవాలె, ఫోన్ల పెట్టాలె. ఎవరికన్నా పాజిటివ్ వస్తే ఆమెనే తెచ్చింది రోగం అన్నట్టు చూసెటోళ్ళు. మా చిన్నప్పటి సంది మా ఇంట్ల చాయ్ తాగినోళ్ళే మంచినీళ్ళు అడిగితే తలుపేసుకున్నరు. అమ్మ మూడు నెలలు బయట అరుగు మీద మంచం ఏస్కొని పండుకున్నది, నాకు తమ్మునికి అన్నం గూడ దూరంకెళ్ళే.

2022 మే ల ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా వర్కర్లకు అవార్డు ఇచ్చింది గదా, దేశం మొత్తం మీద పది లక్షల మంది ఉన్నరు అని టీవీల జెప్పిన్రు. నేను అమ్మా మీకే వచ్చిందే అని పిలిస్తే వచ్చి జూసి, మంచిదే బిడ్డ, ఈ నెల పైసలు పడ్డయా చూడు ఫోన్ల అన్నది. ఆశాలకు జీతం ఉండది గదా, పనిని బట్టి ఇచ్చే పారితోషికం, అది గూడ టైముకు రాదు.

అమ్మకు ఇప్పుడు నిద్ర పట్టది. రాత్రి రెండింటికి లేచి గేటు కాడ చెప్పులు కడుగుతది. నేను ఎందుకే అంటే ఊరుకోయే అంటది. ఇది జబ్బు అని చెప్తే ఒప్పుకుంటదా ఒప్పుకోదా నాకు తెల్వది.

సామాన్యుడు78:
ఎవరినీ బాధపెట్టాలని కాదు కానీ నా మాట కూడా వినండి. మా నాన్న 2021 ఏప్రిల్లో పోయారు, తొమ్మిది రోజులు ఐసీయూలో ఉంచారు, ప్రైవేటు. ఒక్కసారి కూడా చూడనివ్వలేదు. ఫోన్ చేస్తే స్టేబుల్ అనే మాట తప్ప ఇంకోటి చెప్పలేదు. బిల్లు కట్టాకే ఇచ్చారు, అది కూడా జిప్పు వేసి. మీరంతా అలసిపోయారు ఒప్పుకుంటా, జీతం తీసుకునే చేశారు కదా, మాకు జీతం కూడా లేదు. మా గురించి ఎవరు థ్రెడ్ వేస్తారు?

మున్సిపల్_కుర్రోడు:
జీతం అంటే గుర్తొచ్చింది. మేం అవుట్‌సోర్సింగ్. హైపో కొట్టింది మేమే, శవాలు మోసింది మేమే. ఇంకేం రాయాలనిపించట్లా.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
సామాన్యుడు గారూ, మీ కోపం నాకర్థమవుతుంది, మీరు తప్పేం అనలేదు. మీ నాన్నగారు ఉన్నది ఏ ఆస్పత్రో నాకు తెలీదు, అక్కడ ఏం జరిగిందో కూడా తెలీదు. మా వార్డులో ఏం జరిగేదో మాత్రం చెప్పగలను. పేషెంటు పోతారని తెలిసిపోతుంది మాకు, ఒక గంటో రెండు గంటలో ముందు. వేరే బెడ్లు అంత తొందర లేకపోతే ఎవరో ఒకరం వెళ్ళి పక్కన నిలబడేవాళ్ళం. గ్లౌజు మీద గ్లౌజు వేసుకుని ఉంటాం, వేడి కూడా తెలీదు వాళ్ళకి, అయినా చెయ్యి పట్టుకునేవాళ్ళం. కొంతమందికి నుదుటి మీద చెమట తుడిచేవాళ్ళం. కొంతమందికి నేను గోవింద గోవింద అన్నా, ఒకాయనకి తెలిసినంత వరకు కలిమా చెప్పించాం ఫోన్లో వాళ్ళబ్బాయి చేత, ఒకావిడకి స్తోత్రం అన్నాం. కొంతమంది దగ్గరికి వెళ్ళలేకపోయాం. ఆ వెళ్ళలేకపోయిన వాళ్ళే నాకు గుర్తుంటారు. ఫోన్లో స్టేబుల్ అని చెప్పమని మాకు పైనుంచి చెప్పేవాళ్ళు, నేనూ చెప్పాను ఆ మాట, అది అబద్ధం అని తెలిసి కూడా చెప్పాను. దానికి మీకు కాకపోయినా మీలాంటి వాళ్ళకి క్షమాపణ చెప్పాలి నేను.

మెడిసిన్_పీజీ:
నేను ఇప్పుడు డాక్టర్‌గా వేరే చోట చేస్తున్నా, అప్పుడు జనరల్ మెడిసిన్ పీజీ. బయటి వాళ్ళకి తెలియని ఒక సంగతి చెప్తా. నీట్ పీజీ, అంటే పీజీ సీట్ల ఎంట్రన్స్, 2021 ఏప్రిల్ 18న జరగాలి, మూడు రోజుల ముందు వాయిదా వేశారు, చివరికి సెప్టెంబర్ 11న పెట్టారు, కౌన్సెలింగ్ మొదలయ్యేసరికి 2022 జనవరి. అంటే ఒక ఫస్ట్ ఇయర్ బ్యాచ్ మొత్తం నెలల తరబడి రాలేదు. పీజీ ఆస్పత్రి నడిచేదే ఫస్ట్ ఇయర్ల మీద. ముగ్గురు చెయ్యాల్సిన పని ఇద్దరం చేశాం, సెకండ్ వేవ్ తగ్గాక కూడా అదే పరిస్థితి. అందరూ మే నెల గురించే మాట్లాడతారు, మేం నిజంగా కూలబడింది ఆ ఏడాది చివర్లో, అప్పటికి చప్పట్లు లేవు పళ్ళేలు లేవు.

సిస్టర్ గారు చెప్పిన ఏమీ కదలట్లేదు అనేది నాకు తెలుసు. నాది ఒక రాత్రి నుంచి మొదలైంది. వెంటిలేటర్ ఒకటి ఖాళీ అయింది, కావాల్సినవాళ్ళు ఇద్దరు. 34 ఏళ్ళతను, 61 ఏళ్ళావిడ. మా సార్ ఫోన్లో నువ్వే అక్కడున్నావు నువ్వే చూసి చెప్పు అన్నారు. ఎవరికి పెట్టానో మీరే ఊహించుకోండి. ఆవిడ కూతురికి నేనే ఫోన్ చేశా పొద్దున. ఆ అమ్మాయి చాలా థాంక్స్ డాక్టర్ గారు మీరు చాలా ట్రై చేశారు అంది. తిట్టినా బాగుండేది. ఆ థాంక్స్ నాకు ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది.

దీనికి అలసట అనే పేరు సరిపోదు. ఇంగ్లీషులో మోరల్ ఇంజురీ అంటారు, ముందు యుద్ధం నుంచి వచ్చిన సైనికుల గురించి వాడారు ఆ మాట. చెయ్యకూడనిది చెయ్యాల్సి రావడం, లేదా చెయ్యాల్సింది చెయ్యలేకపోవడం. సెలవు ఇస్తే అలసట పోతుంది, ఇది పోదు. సిస్టర్ గారి డబ్బా కూడా అదే అనుకుంటున్నా.

ఇంకోటి, 2020 మార్చిలో కేంద్రం మాకు 50 లక్షల ఇన్సూరెన్సు ప్రకటించింది, ఆశాలకి, పారిశుధ్య కార్మికులకి కూడా వర్తిస్తుంది అన్నారు, మంచి పనే. డాక్టర్ల మీద దాడి చేస్తే ఏడేళ్ళ దాకా జైలు అని ఏప్రిల్ 22న ఆర్డినెన్సు తెచ్చారు, అదీ మంచి పనే. రెండూ మా ఒంటికి ఏమన్నా అయితేనే. బతికుండి నిద్ర దూరమైనవాడికి ఏముంది? మా దగ్గర ఒకరోజు ఆన్‌లైన్లో ఒత్తిడి జయించడం ఎలా అని క్లాసు పెట్టారు, నైట్ డ్యూటీ దిగినవాళ్ళు కూడా అటెండవ్వాలి, అటెండెన్సు తీసుకున్నారు.

లీడ్స్_ఖమ్మం:
నేను యూకేలో ఎన్‌హెచ్‌ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) నర్సుని, సొంతూరు ఖమ్మం దగ్గర. ఇక్కడ కూడా 2020 మార్చి 26 నుంచి పది వారాలు ప్రతి గురువారం రాత్రి ఎనిమిదింటికి వీధుల్లోకి వచ్చి చప్పట్లు కొట్టారు, మొదటి వారం ఏడ్చా, నాలుగో వారం కిటికీ మూసుకున్నా. కానీ ఒకటి బాగా చేశారు, చాలా ఆస్పత్రుల్లో చిన్న గది ఒకటి ఖాళీ చేసి వొబుల్ రూమ్ అని పెట్టారు, కాళ్ళు తడబడితే వెళ్ళి కూర్చునే గది అని. సోఫా, టిష్యూలు, టీ. లోపల ఎవరన్నా ఏడుస్తుంటే ఎందుకు అని ఎవరూ అడగరు. ఐదు నిమిషాలు కూర్చుని మళ్ళీ వెళ్ళేదాన్ని. దీనికి పెద్ద ఖర్చు లేదు, మన దగ్గర ప్రతి ఆస్పత్రిలో ఒక స్టోర్ రూమ్ ఉంటుంది కదా.

మా అమ్మ 2021 మేలో అక్కడ పోయింది. నేనిక్కడ వేరే వాళ్ళమ్మకి గొంతులో కఫం తీసే సక్షన్ చేస్తున్నా అప్పుడు. వీడియో కాల్లో చూశా. సిస్టర్, మా అమ్మ దగ్గర కూడా మీలాంటి ఎవరో ఒకరు ఉండే ఉంటారు, ఫోన్ పట్టుకున్న ఆ నీలం గ్లౌజు చెయ్యి ఒకటే కనపడింది నాకు. ఆమె ఎవరో తెలిస్తే కాళ్ళకి దండం పెడతా.

సైకియాట్రీ_ఎండీ:
కాస్త పొడుగు రాస్తా, ఓపిక పట్టండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ 11, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది, అందులో బర్నవుట్‌ని జబ్బు అనలేదు, ఉద్యోగం వల్ల వచ్చే స్థితి అన్నారు. మూడు గుర్తులు: ఒంట్లో శక్తి పిండేసినట్టు అయిపోవడం, పని మీద విరక్తి వచ్చి దాన్నుంచి మనసు దూరం జరగడం, నేనేం చేసినా పనికి రావట్లేదు అనిపించడం. కారణం ఉద్యోగంలోనే ఉంది కాబట్టి మందు కూడా అక్కడే ఉండాలి, అంటే డ్యూటీ చార్టు, వీక్లీ ఆఫ్, సరిపడా స్టాఫ్, టైముకి జీతం. మనిషిని ప్రాణాయామం చెయ్యమని పంపించి చార్టు అలాగే ఉంచితే ఏం లాభం.

కానీ సిస్టర్ గారూ, బీప్ వింటే చేతులు చల్లబడటం, ఎక్కడున్నానో తెలియకపోవడం, ఏడుపు రాకపోవడం, ఇవి బర్నవుట్ కన్నా వేరు. ట్రామా, అంటే మనసుకి తగిలిన పెద్ద దెబ్బ తాలూకు లక్షణాలు లాగా ఉన్నాయి, డిప్రెషన్ కూడా కలిసి ఉండొచ్చు, ఎదురుగా కూర్చుని మాట్లాడకుండా నేను తేల్చి చెప్పను. నాలుగేళ్ళు ఆలస్యం కదా ఇంకేం చేస్తారు అనుకోవద్దు, ఇలాంటివి పదేళ్ళ తర్వాత వచ్చినా నయమవుతాయి, దీనికోసమే ఉన్న థెరపీలు ఉన్నాయి, అవసరమైతే మందులు ఉన్నాయి. పైలట్ గారి ముల్లు, ఓరుగల్లు చెల్లి వాళ్ళమ్మగారి చెప్పులు, ఇవి కూడా చూపించుకోవాల్సినవే. అమ్మగారికి జబ్బు అని చెప్పొద్దమ్మా, నిద్ర పట్టట్లేదు కదా నిద్ర కోసం వెళ్దాం అను, వస్తారు. నిద్ర నుంచే మిగతాది మొదలుపెడతాం మేం కూడా.

ఆస్పత్రిలో తెలిసిపోతుందని, ఉద్యోగానికి ఇబ్బంది అని మన ఫీల్డులో వాళ్ళే ఎక్కువ భయపడతారు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో గోప్యత పేషెంటు హక్కు. మీరు వచ్చారని మీ సూపరింటెండెంటుకి నేను చెప్పకూడదు.

డబ్బా సంగతి. కేస్ షీటు తీసి అడ్రస్ మీరే వెతుక్కుని వెళ్ళిపోకండి, అది వాళ్ళకీ షాకే. రికార్డు సెక్షన్ ద్వారా వాళ్ళని అడిగించండి, ఇష్టమైతే వాళ్ళే ఫోన్ చేస్తారు. కాకపోతే ఇచ్చెయ్యాలనే మీ మనసు సరైనదే అని నా నమ్మకం.

డల్లాస్_ఎండీ:
ఆ భయం గురించి ఒక మాట. 2020 ఏప్రిల్లో న్యూయార్క్‌లో పనిచేసే లోర్నా బ్రీన్ అనే ఎమర్జెన్సీ డాక్టర్ ఆత్మహత్య చేసుకున్నారు. చికిత్స తీసుకుంటే లైసెన్సు పోతుందేమో అని ఆవిడ భయపడ్డారని తర్వాత వాళ్ళింట్లోవాళ్ళు బయటికి వచ్చి చెప్పారు. ఆవిడ పేరు మీదే 2022 మార్చిలో ఇక్కడ చట్టం చేశారు, హెల్త్ వర్కర్ల మానసిక ఆరోగ్యానికి నిధులు ఇవ్వడానికి. నేను కూడా ఇక్కడ లైసెన్సు ఫారం నింపేటప్పుడు ఎప్పుడన్నా మానసిక చికిత్స తీసుకున్నారా అనే గడి దగ్గర ఆగిపోయినవాణ్ణే. దయచేసి ఎవరూ ఆగొద్దు.

మోడరేటర్:
అందరికీ కనపడేలా పైన పిన్ చేస్తున్నా. టెలీ మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416, ఉచితం, 24 గంటలు, తెలుగులో మాట్లాడొచ్చు. కేంద్రం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. చనిపోవాలనే ఆలోచన వస్తే రేపు చేద్దాం అనుకోకుండా అప్పుడే చెయ్యండి, లేదా పక్కనున్న మనిషిని లేపండి.

సామాన్యుడు78:
సిస్టర్ మీ జవాబు చదివి మూడు రోజులు ఏం రాయలేకపోయా. నాకు కావాల్సింది బిల్లు లెక్క కాదు. ఆ తొమ్మిది రోజుల్లో ఎవరన్నా మా నాన్నని ఏమండీ అని పలకరించారా, అది ఒక్కటే. మీరు గోవింద అన్నానని రాశారు చూడండి. మా నాన్న దగ్గర కూడా ఎవరో అని ఉంటారని అనుకుంటా ఇకనుంచి. ఆ రోజు రాసిన జీతం మాట వెనక్కి తీసుకుంటున్నా.

పైలట్_సీను:
నేను 14416కి చేశా. ముందు రెండుసార్లు రింగవగానే కట్ చేసేశా. మూడోసారి ఒకమ్మాయి చెప్పండి అన్నా అంది. పెట్రోలు ముల్లు గురించే చెప్పా, నవ్వలేదు. ఇరవై నిమిషాలు మాట్లాడింది, జిల్లా ఆస్పత్రిలో కనపడమంది. శుక్రవారం వెళ్తున్నా.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
రెండు వారాలైంది, అందరూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. ముందుగా, డాక్టర్‌కి చూపించుకున్నా, మందు మొదలుపెట్టారు, వారానికోసారి రమ్మన్నారు. ఫ్రిజ్ బీప్ ఇంకా అలాగే ఉంది.

రికార్డు సెక్షన్ ఆయనకి చెప్తే ఆయనే పాత నంబర్‌కి ఫోన్ చేసి విషయం చెప్పారు. నాలుగు రోజులు ఏమీ లేదు. మొన్న రాత్రి మామ్మగారి అబ్బాయి ఫోన్ చేశారు. డబ్బా గురించి చెప్తే మొదట అర్థం కాలేదు ఆయనకి. తర్వాత కింద చెక్కిన పేరు చదివా. ఆ పేరు మా అమ్మది కాదండి, ఎదురింటి పిన్నిగారిది అన్నారు. ఆ టైములో వాళ్ళింట్లో అందరికీ పాజిటివ్, ఎవరూ లేచి నిలబడే పరిస్థితి లేదట. అమ్మ అడిగిందని తెలిసి ఆ పిన్నిగారే మినుములు వేయించి, విసిరి, చేసి, వాళ్ళబ్బాయి చేత గేటు దగ్గరికి పంపించిందట. ఈ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా డబ్బా ఏదని అడగలేదట ఆవిడ.

తర్వాత ఆయన, అమ్మ తిన్నదా అండీ అని అడిగారు.

తిన్నారు అని నోటి చివరిదాకా వచ్చింది. స్టేబుల్ అని చెప్పిన నోరే కదా. లేదండీ, డబ్బా వచ్చేసరికి పోయారు, కానీ అడిగారు, రెండుసార్లు అడిగారు నన్ను అని చెప్పా. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. అడిగిందా, అన్నారు. ఆ అడిగిందా అనే మాట విన్నాక నాకు ఏడుపొచ్చింది, ఫోన్ పక్కన పెట్టి కూర్చుని ఏడ్చా, మా ఆయన లేచి వచ్చి లైటు వేసి మళ్ళీ తీసేసి పక్కన కూర్చున్నారు.

ఆదివారం నాకు ఆఫ్. వెళ్ళి ఆ పిన్నిగారి చేతికే ఇస్తా. ఎవరింటి డబ్బా అయినా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా. ఏం పెట్టి ఇవ్వాలో తోచట్లేదు, సున్నుండలు పెట్టే ధైర్యం నాకు లేదు. ఎవరైనా చెప్పండి. మచ్చలు కూడా పోవట్లేదు, నిన్నటి నుంచి చింతపండు పెట్టి తోముతూనే ఉన్నా.

ఓరుగల్లు_బిడ్డ:
చక్కెర వోసి ఇయ్యి అక్కా. మా అమ్మ గట్లనే ఇస్తది. ఆమెనే అడిగిన ఇప్పుడు, చక్కెరనే అన్నది.

సామాన్యుడు78:
ఏది పెట్టినా పర్లేదు సిస్టర్. తోముతూ కూర్చోకండి, ఆ మచ్చలతోనే ఇవ్వండి.